మా చినమావ జర్మన్ పండగ

శుక్రవారం పొద్దున్న విజయనగరంలో నేను క్లాసుకి బయల్దేరుతుంటే కోటబొమ్మాళి నుంచి మా అత్త ఫోన్ చేసింది. మామూలుగా ఆవిడ ముందు నా ఆరోగ్యం, తర్వాత ఇక్కడి వాన సంగతి అడిగి, అప్పుడు గానీ విషయంలోకి రాదు. ఆ రోజు ఏమీ అడగలేదు. "మీ మావ ఎల్లిపోనాడమ్మీ. టీ ఇచ్చినాను, సగం తాగినాడు" అంది. ఫోన్ పెట్టేసింది. క్లాసు ఇంకొకరికి అప్పగించి దొరికిన మొదటి రైలెక్కాను.

పోయినాయన మా అమ్మకి చిన్న తమ్ముడు. ఎనభై దాటాయి. కోటబొమ్మాళి చుట్టుపక్కల ఆయన్ని ఎరిగినవాళ్ళు జర్మన్ పండగ చేసే ముసలాయనగా ఎరుగుదురు. చాలామంది ఆ మాట నవ్వుతూనే చెప్పుకున్నారు. ఆ పండగ ఏమిటో, ఎక్కణ్ణించి వచ్చిందో, దాని విషయంలో నేను ఆయనకి చేసిన ఒక తప్పు ఏమిటో రాసి పెట్టాలనిపించింది. ఆయన బతికుండగా రాసి ఉంటే చదివించుకుని, తప్పులు దిద్ది, ఇంత పొడుగెందుకు అనేవాడు.

మా తాతది వరి వ్యవసాయం. చినమావకి పద్దెనిమిదేళ్ళప్పుడు ఆయనతో మాటా మాటా పెరిగి, కట్టుబట్టలతో ఒడిశా వెళ్ళే రైలెక్కేశాడు. ఆ రోజుల్లో అక్కడ జర్మన్లు వచ్చి పెద్ద ఉక్కు కర్మాగారం కడుతున్నారు. పని చేస్తానన్న ప్రతివాడికీ పని దొరికేది. చినమావని ఒక జర్మన్ పైపు ఫిట్టరు దగ్గర సాయానికి పెట్టారు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఫిట్టరు పానా చూపించి దాని పేరు తన భాషలో చెప్పేవాడు, చినమావ తెలుగులో చెప్పేవాడు. అలా పనిముట్ల పేర్లు, తర్వాత అంకెలు, తర్వాత తిట్లు, ఆ తర్వాత మిగతా భాష వచ్చాయని చెప్పేవాడు. చదివి నేర్చుకున్నది ఒక్క ముక్క లేదు. జర్మన్ అక్షరాలు ఆయన చివరిదాకా సరిగ్గా చదవలేదు.

జర్మన్లకి అక్కడొక క్లబ్బు ఉండేది. వాళ్ళ దేశంలో జూన్ నెలలో, పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే రోజున, మంట వేసి దాని చుట్టూ పాడుకునే ఆచారం ఉంది. చలి పూర్తిగా వదిలిందన్న సంతోషం అది. ఒడిశా ఎండల్లో కూడా వాళ్ళు మంట వేసేవారట. ఒళ్ళంతా చెమటలు కారుతూ చుట్టూ నిలబడి పాడేవారట. చినమావ పని కుర్చీలు వేయడం, మంచు దిమ్మలు గోనెల్లో చుట్టి తేవడం. ఫిట్టరు అకార్డియన్ వాయించేవాడు. మెడలో తగిలించుకుని, తిత్తిని సాగదీస్తూ మూస్తూ వాయించే పెట్టె అది. మా ఊళ్ళోవాళ్ళు దాన్ని హార్మణీ అనే అంటారు. అందరూ గొంతు కలిపి పాడినా ఫిట్టరు మాత్రం వాయించడమే గానీ పాడేవాడు కాదట. ఒక ఏడు చినమావ కారణం అడిగాడు.

ఫిట్టరు ఊరు జర్మనీకి తూర్పు కొసన ఉండేది. పెద్ద యుద్ధం అయ్యాక ఆ ప్రాంతం వేరే దేశంలో కలిసింది. అక్కడి జర్మన్లందర్నీ పంపేశారు. ఇతనికి అప్పుడు పద్నాలుగేళ్ళు. తల్లితో కలిసి నడిచి వచ్చేశాడు. ఊరు అక్కడే ఉంది, ఇళ్ళూ ఉన్నాయి, మనుషులు వేరేవాళ్ళు. ఆ ఊరి యాస మాట్లాడేవాళ్ళు చెల్లాచెదురైపోయారు. క్లబ్బులో తను వాయించేవి తక్కినవాళ్ళ పాటలనీ, తన ఊరి పాటలు నాలుగే ఉన్నాయనీ, అవి ఇక్కడివాళ్ళకి పట్టవనీ చెప్పాడట. ఆ నాలుగు పాటలూ చినమావకి నేర్పాడు. అకార్డియన్ కూడా నేర్పాడు. కర్మాగారం పని పూర్తయి తన దేశం వెళ్ళేటప్పుడు పెట్టె చినమావ చేతిలో పెట్టి, ఏడాదికి ఒక్కసారైనా వాటిని పాడమన్నాడు. ఆ తర్వాత రెండు ఉత్తరాలు వచ్చాయి. మూడోది రాలేదు.

చినమావ అక్కడే ఉద్యోగం చేసి, అక్కడి క్యాంటీన్ వంటాయన కూతుర్ని పెళ్ళి చేసుకున్నాడు. మా అత్త ఒడియా మనిషి. ఇప్పటికీ సరే అనడానికి "హఉ" అంటుంది. రిటైరయ్యాక ఇద్దరూ మా ఊరొచ్చారు. వచ్చిన ఏడాదే, ఆరుద్ర కార్తె ముందు శనివారం సాయంత్రం, ఖాళీగా ఉన్న మా కళ్ళంలో చినమావ మొదటిసారి ఆ పండగ చేశాడు. వేసవిలో కళ్ళంలో ధాన్యం ఉండదు, నేల చదునుగా ఉంటుంది, అందుకని అక్కడ. ఊరంతా పిలిచాడు. ఇరవై మంది వచ్చారు. అందులో సగం మంది ఆయనకి మతి చెడిందేమో చూసిపోదామని వచ్చినవాళ్ళే.

మొదటి తగువు మంట దగ్గర వచ్చింది. ఆయన కట్టెలు పేర్చి పెట్టాడు. పెద్ద రైతు ఒకాయన వచ్చి, పూరిళ్ళున్న ఊళ్ళో ఎండల్లో మంటేటని నిలేశాడు. చినమావ వాదించలేదు. కట్టెలు తీయించేసి, పాత కుండల్ని గుండ్రంగా పెట్టి, ఒక్కోదాంట్లో నూనె దీపం పెట్టాడు. ఆ తర్వాత పాతికేళ్ళూ అలాగే సాగింది. మంట లేని మంటపండగ.

తిండి సంగతి కూడా అలాగే అయింది. ఉడికించిన బంగాళాదుంప ముక్కల్లో ఆవపిండి, ఉల్లిపాయ, పులుపు కలిపి చల్లగా తినే కూర ఒకటి వాళ్ళ పండగలో ఉంటుందట. అత్త దాన్ని చేస్తూ చేస్తూ పచ్చిమిర్చి వేసింది, తర్వాత కరివేపాకు వేసింది, ఆఖరికి పోపు పెట్టేసింది. ముడి వేసినట్టుండే వాళ్ళ ఉప్పు రొట్టెని కోటబొమ్మాళి బేకరీలో చేయించబోతే గట్టిపడి చేగోడీలా వచ్చింది. పిల్లలకి అదే నచ్చింది. జర్మన్ చేగోడీ అనేవారు. చినమావ ఒక ముక్క కొరికి, ఆళ్ళదీ ఇలాగే గట్టిగా ఉంటాదని అబద్ధమాడాడు. తాటిముంజెలు, పనసతొనలు ఊళ్ళోవాళ్ళు ఎవరికి వాళ్ళే తెచ్చేవారు.

ఆయన్ని అందరూ అడిగే ప్రశ్న ఒకటుండేది. నువ్వెప్పుడైనా జర్మనీ వెళ్ళావా అని. దానికి ఆయన ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేవాడు.

"నానెల్లనేదు. ఆళ్ళే వొచ్చినారు."

ఆయనతో వేగడం అంత తేలికేమీ కాదు. అకార్డియన్ ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. పాట మధ్యలో ఎవరైనా మాట్లాడితే ఆపేసి, వాళ్ళ మాట అయ్యేదాకా చూసి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేవాడు. ఎవరింటికి వెళ్ళినా కుళాయి దగ్గరికి ముందు వెళ్ళేవాడు. నీటి బొట్టు కారుతుంటే మంచినీళ్ళు తాగకుండానే జేబులోంచి పానా తీసేవాడు. ఊళ్ళో బోరింగులన్నీ ఆయన చేతి మీదే నడిచాయి. ఎవరైనా నట్టుని బలం కొద్దీ తిప్పుతుంటే, "బిగిసినాక మరి బిగించకు. అక్కడే కారతాది" అనేవాడు. మనుషుల తగువుల్లో కూడా అదే మాట వాడేవాడు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మొదటిసారి ఆ పండగ చూశాను. దీపాల కుండల పక్కన కూర్చోబెట్టి నాకు ఒక పాటలో రెండు వరుసలు నేర్పాడు. అర్థం అడిగితే, ఎండ పోయి వాన వస్తాదని అన్నాడు. చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు, ఆ పాటలో ఉన్నది మంచు పోయి ఎండ రావడం. మన ఊరికి తగ్గట్టు మార్చి చెప్పాడు.

నేను జర్మన్ చదవడానికి హైదరాబాదు వెళ్ళింది ఆయన వల్లనే. మొదటి రోజు క్లాసులో మేడమ్ ఏదో అడిగితే, నాకు వచ్చిందే కదా అని గట్టిగా జవాబు చెప్పాను. 'ఏమిటి' అనడానికి 'వస్' అనవలసిన చోట 'వత్' అన్నాను, 'అది' అనడానికి 'దస్' అనవలసిన చోట 'దత్' అన్నాను. చినమావ అలాగే అనేవాడు. ఫిట్టరు ఊరి యాస అది. క్లాసంతా నవ్వింది. మేడమ్ కూడా నవ్వి, ఇది ఎక్కడ పట్టావని అడిగింది. నేను సినిమాలో విన్నానని చెప్పాను.

ఆ ఏడాదిలో నేను 'వత్' వదిలేశాను. అదే ఏడాది, హాస్టల్లో ఇంకెవరో నవ్వినందుకు, తెలుగులో 'ఏమిటి'ని 'ఏటి' అనడం కూడా వదిలేశాను. రెండూ ఒకేసారి పోయాయని అప్పట్లో నాకు తోచలేదు.

చదువయ్యాక విజయనగరంలో, జర్మనీ ఆసుపత్రులకి వెళ్ళే నర్సు అమ్మాయిలకి భాష నేర్పే ఒక సంస్థలో చేరాను. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వస్తారు వాళ్ళు. ఎనిమిది నెలలు కష్టపడి పరీక్ష రాస్తారు. మూడేళ్ళ కిందట, వేసవిలో, జర్మనీ నుంచి ముగ్గురు ఇంటర్వ్యూ చేయడానికి వస్తున్నారని కబురొచ్చింది. వాళ్ళు వచ్చిన సాయంత్రం మన దగ్గర జర్మన్ వేసవి పండగ చేసి చూపిద్దామని మా డైరెక్టరుగారు సరదా పడ్డారు. చినమావ సంగతి ఆయనకి ఎవరో చెప్పారు. ఆయన స్వయంగా కోటబొమ్మాళి కారు పంపించారు.

నాకు భయం వేసింది. అమ్మాయిల ఉద్యోగాలు ఆ మూడు రోజుల మీద ఉన్నాయి. వచ్చినవాళ్ళ చెవిన మొదట పడే జర్మన్ చినమావదైతే, మేమిక్కడ ఇదే నేర్పుతున్నామని అనుకుంటారేమో అనిపించింది. ఆ కారణం నిజమే. కానీ అదొక్కటే అని చెబితే అబద్ధం. హైదరాబాదు క్లాసులో నవ్వు కూడా నా చెవిలో ఉంది.

కార్యక్రమానికి ముందు ఆయన్ని వరండాలోకి తీసుకెళ్ళి, అకార్డియన్ వాయిస్తే చాలనీ, పాడొద్దనీ, వాళ్ళతో మాట్లాడొద్దనీ చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఆయన కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. మెడలో పెట్టె తగిలించుకునే ఉన్నాడు. తోలు పట్టీని కాసేపు సర్దుకున్నాడు.

"పాట నేకుండా వాయించమంతావు" అన్నాడు.

"ఈ ఒక్కసారికి మావా" అన్నాను.

"సరే. నీ ఆడగుంటల బతుకుదెరువు గదా."

అమ్మాయిలు పుస్తకంలోని పాటలు పాడారు, చక్కగా వచ్చాయి. తర్వాత చినమావ కుర్చీలో కూర్చుని నోరు మూసుకుని నాలుగు పాటలూ వాయించాడు. మూడో పాట మధ్యలో, వచ్చినవాళ్ళలో పెద్దావిడ, అక్కడ నర్సులందరి మీదా అధికారిగా ఉన్నావిడ, లేచి ఆయన దగ్గరికి వచ్చింది. పక్కన నిలబడి చిన్న గొంతుతో పాడటం మొదలుపెట్టింది. 'దత్' అనే పాడింది, 'వత్' అనే పాడింది. అన్ని మాటలూ ఆవిడకి రాలేదు. రానిచోట రాగం తీసింది. ఆ మాటలు చినమావకి వచ్చు. ఆయన పెదవులు కదలలేదు.

పాటయ్యాక ఆవిడ తన అమ్మమ్మ ఇలా పాడేదనీ, ఆవిడ పోయాక మళ్ళీ వినలేదనీ, ఇది మీకెవరు నేర్పారనీ ఆయన్ని అడిగింది. చినమావకి ప్రతి మాటా అర్థమైంది. జవాబు చెప్పకుండా నా వైపు చూశాడు.

ఆ చూపులో కోపం లేదు. మాట్లాడొచ్చా అని అడగడం మాత్రమే ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి, ఆ భాష నాకు చెప్పిన మనిషి, నా అనుమతి కోసం చూశాడు. నేను వెంటనే తల ఊపి ఉంటే ఈ వ్యాసంలో సగం రాసే పని ఉండేది కాదు. నేను డైరెక్టరుగారి వైపు చూశాను. ఆ కాస్త ఆలస్యం చాలింది. "మా పిల్ల సెప్తాది" అని తెలుగులో అని, చినమావ పెట్టె తిత్తిని మూసి కొక్కెం పెట్టేశాడు.

నేనే చెప్పాను. తప్పుల్లేని జర్మన్‌లో ఫిట్టరు గురించీ, ఉక్కు కర్మాగారం గురించీ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, అతనిది ఏ ఊరు అని అడిగింది. నాకు తెలియదు. చిన్నప్పటినుంచీ ఆ పండగలో కూర్చున్నాను, ఆ భాష మీదే బతుకుతున్నాను, ఎప్పుడూ అడగలేదు. అందరి ముందూ చినమావని తెలుగులో అడగవలసి వచ్చింది. ఆయన ఊరి పేరు చెప్పాడు. అది ఇప్పుడు మ్యాపుల్లో వేరే భాషలో ఉంది. ఆయన చెప్పింది పాత పేరు. ఆవిడ ఆ పేరుని నెమ్మదిగా ఒకసారి తిరిగి అంది. తన అమ్మమ్మది దానికి ఒక రోజు నడక అనుకుంటానంది. రెండు చేతులూ జోడించి చినమావకి దండం పెట్టి తన కుర్చీలోకి వెళ్ళిపోయింది. మర్నాడు ఇంటర్వ్యూలు మామూలుగా జరిగాయి. చాలామంది అమ్మాయిలు ఎంపికయ్యారు. చినమావ పాడినా ఎంపికయ్యేవారే.

నెలన్నర పోయాక నేను ఊరు వెళ్ళాను. ఆయన పెరట్లో బోరింగు విప్పుకుని కూర్చున్నాడు. తప్పు చేశానని చెప్పాను. చేతిలో పని ఆపకుండానే విన్నాడు.

"ఇజీనారంలో నువ్వు ఏటి అంతావా, ఏమిటి అంతావా?" అన్నాడు.

విజయనగరంలో ఏమిటి అనే అంటానన్నాను.

"ఇంటికొస్తే?"

ఇంటికొస్తే ఏటి అనే వస్తుందని చెప్పాను.

"అయితే పోనేదు. నోట్లో ఉన్నాది గదా" అన్నాడు. ఆ తర్వాత ఆ విషయం ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. నన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు. ఆయన అలాంటి మాటలు వాడే మనిషి కాదు. ఆ సాయంత్రం మాత్రం నేను అడగకుండానే నాలుగు పాటలూ ఒక్కో వరుసా చెప్పి రాయించాడు. తెలుగు లిపిలో రాసుకున్నాను. జర్మన్ లిపిలో రాస్తే నా చెయ్యి అలవాటుగా దిద్దేస్తుందేమోనని.

మరుసటి రెండేళ్ళూ నేను మా క్లాసు అమ్మాయిల్ని పండగకి రైల్లో కోటబొమ్మాళి తీసుకెళ్ళాను. పరీక్షలో ఇలా రాయకండని ముందే చెప్పి, అక్కడ 'వత్' అనే పాడించాను. వాళ్ళు సిగ్గుపడలేదు. ఒకమ్మాయి, పలాస దగ్గర పల్లెటూరి పిల్ల, ఈయన మన యాసలోనే జర్మన్ మాట్లాడుతున్నాడే అంది. ఆ అమ్మాయి జర్మనీ వెళ్ళాక చినమావకి వీడియో కాల్ చేసి, ఇక్కడ ఎవరికీ ఈ పాటలు రావు తాతా అని చెప్పింది. ఆయన తీరిగ్గా, "మరి నువ్వెల్లింది అందుకే గదా, నేర్పు" అన్నాడు.

ఈ ఏడు ఎండలకి ఆయన బాగా నీరసించాడు. పెట్టె మోయలేక మంచం మీద పక్కన పెట్టుకునేవాడు. పండగకి ఎనిమిది రోజులుందనగా పోయాడు. నేను వెళ్ళేసరికి ఇంటి ముందు చాలామంది ఉన్నారు. మొదటి ఏడు మంట వద్దన్న పెద్ద రైతు కర్ర పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కార్యక్రమాలు మామూలుగా జరిగాయి. ఆయన సంచీలో మూడు పానాలు, మడత స్కేలు, ఫిట్టరు రాసిన రెండు ఉత్తరాలు ఉన్నాయి. ఉత్తరాలు అత్త నా చేతికిచ్చి చదవమంది. రెండింటిలోనూ ఒకే ప్రశ్న ఉంది. పాడుతున్నావా అని.

పండగ జరగాల్సిన శనివారం ఆయన పోయిన తొమ్మిదో రోజు. ఇంట్లో మైల. పండగ చేయకూడదు, ఆ మాట అందరికీ తెలుసు. అత్త ఎవర్నీ పిలవలేదు. సాయంత్రం నేనూ ఆవిడా అరుగు మీద కూర్చున్నాం. ఎండ తగ్గే వేళకి ఒక్కొక్కరే కళ్ళం వైపు వెళ్ళడం కనిపించింది. ఎవరూ ఇంటివైపు రాలేదు. చంకలో చాప ఒకటి పెట్టుకుని, గేదెని తోలుకెళ్ళినంత మామూలుగా వెళ్తున్నారు. అత్త కాసేపు చూసి, "హఉ" అని లేచింది. నేనూ వెనకాలే వెళ్ళాను.

అరవై మంది దాకా ఉన్నారు. కళ్ళంలో చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఎవరూ పాడలేదు, ఏమీ తినలేదు. మైల ఇంటివాళ్ళం కాబట్టి మేం కొంచెం ఎడంగా కూర్చున్నాం. విత్తనాల సంగతీ, కాలవ నీళ్ళ సంగతీ తగ్గు గొంతులతో మాట్లాడుకుంటున్నారు. పెద్ద రైతు కూడా కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. అలా గంట గడిచింది.

అప్పుడు వాన మొదలైంది. ఈ ఏడు తొలివాన. మొదట పెద్ద పెద్ద చినుకులు దూరం దూరంగా పడ్డాయి. ఆడవాళ్ళు కొంగులు తల మీదికి లాక్కున్నారు. లేస్తారనుకున్నాను. కాసేపు ఎవరూ లేవలేదు. భుజాలు తడిసేదాకా కూర్చుని, అప్పుడు ఒకరి తర్వాత ఒకరు లేచి, చాపలు చుట్టుకుని, నారుమళ్ళు చూసుకోవడానికి వెళ్ళిపోయారు. కళ్ళం అంతా తడిసి నల్లబడింది. చాపలు పరిచిన చోట్లు మాత్రం పొడిగా, తెల్లగా, అరవై మంది కూర్చున్నంత మేర నలుచదరాలుగా మిగిలాయి. వాటి మీద చినుకులు ఒక్కొక్కటే పడుతుంటే అత్త కదలకుండా చూస్తూ నిలబడింది.